వేడెక్కితే సెల్ఫ్ తీసుకోని కారు: మోటారు మార్చినా పోని ఫాల్ట్

ఉదయం తాళం తిప్పితే మొదటి తిప్పుకే స్టార్ట్ అవుతుంది. గంటసేపు నడిపి, ఓ పదిహేను నిమిషాలు ఆపి మళ్లీ తిప్పితే మాత్రం డ్యాష్‌బోర్డు లైట్లు వెలుగుతాయి, కింద నుంచి సన్నగా ‘టిక్’ మంటుంది, అంతే. గంట ఆగితే ఏమీ జరగనట్టు సెల్ఫ్ తీసుకుంటుంది. తోస్తే ఎప్పుడైనా స్టార్ట్ అవుతుంది. ఈ కంప్లయింట్‌తో నా దగ్గరికి వచ్చింది ఒక పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ గేర్. స్టార్టర్ మోటారు ఇంజన్ వెనకవైపు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి (ఇంజన్ నుంచి వేడి పొగ బయటికొచ్చే గొట్టాలకి) సరిగ్గా కింద ఉంటుంది. వేడికి ఇంతకంటే అనువైన చోటు బోనెట్ కింద ఇంకోటి ఉండదు.

ఓనరు అప్పటికే చాలా ఖర్చు పెట్టారు. ముందు బ్యాటరీ మార్చారు. తర్వాత వేరే గ్యారేజీలో స్టార్టర్ తీసేసి రీబిల్ట్ చేసినది వేశారు. కొన్ని వారాలు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ‘నాకు అంటగట్టింది కూడా పాడైపోయిన మోటారే నండీ’ అని ఆయన కోపం. కాస్త అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. ఆ వారాల్లో ఆయన బండిని దగ్గర దగ్గర పనులకే తిప్పారు. దూర ప్రయాణం చేసిన రోజే ఫాల్ట్ తిరిగొచ్చింది. అంటే మోటారు మార్చాక బాగుపడిందని అనుకున్న రోజుల్లో బండికి అసలు పరీక్షే జరగలేదు. పాత స్టార్టర్ డిక్కీలోనే ఉంది. అది తర్వాత బాగా ఉపయోగపడింది.

ముందు ఏం వినాలి

వేడి మీద స్టార్ట్ కాలేదంటే మొదట తేల్చుకోవాల్సింది ఇంజన్ తిరుగుతోందా లేదా అన్నది. తిరుగుతూ అంటుకోకపోతే అది క్రాంక్ సెన్సరో, ఫ్యూయలో, ఇగ్నిషనో, వేరే కథ. తిరగకపోతేనే మనం సెల్ఫ్ వైపు చూడాలి.

తిరగని బండిలో శబ్దం చాలా చెబుతుంది. గట్టిగా ఒక్క ‘టక్’ మని మోటారు కదలకపోతే సోలెనాయిడ్‌లో, అంటే స్టార్టర్ మీదుండే విద్యుదయస్కాంత స్విచ్‌లో, కదిలే ఇనుప కడ్డీ (ప్లంజర్) లోపలికి వెళ్లిందనే లెక్క. అప్పుడు సోలెనాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు, కార్బన్ బ్రష్‌లు, మెయిన్ కేబుల్ చూడాలి. టకటకటకమని కొట్టుకుంటుంటే చాలాసార్లు బ్యాటరీ వోల్టేజీ పడిపోతోందని, అరుదుగా ప్లంజర్‌ని పట్టి ఉంచే తీగ చుట్టు (హోల్డ్ వైండింగ్) తెగిందని అర్థం. బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగితే ఇరుసుని మోసే బుష్‌లు అరిగి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్టూ ఉన్న పోల్స్‌కి రాసుకుంటుండవచ్చు. వేడికి సందు ఇంకా తగ్గుతుంది కాబట్టి ఈ జబ్బు కూడా వేడి మీదే బయటపడుతుంది, కానీ అందులో కరెంటు విపరీతంగా లాగుతుంది. మా బండిది వీటిలో ఏదీ కాదు. నీరసంగా ఒక ‘టిక్’, లేదంటే అదీ లేదు. ప్లంజర్ కదలబోయి ఆగిపోతోంది. అలాంటప్పుడు నా అనుమానం మోటారు కంటే ముందు సోలెనాయిడ్‌కి అందుతున్న కరెంటు మీదికి పోతుంది.

ఇక్కడ సోలెనాయిడ్ పని ఒకసారి గుర్తు చేసుకోవాలి, లేకపోతే తర్వాతి అంకెలు అర్థం కావు. లోపల రెండు చుట్లుంటాయి. ఒకటి లాగేది, పుల్-ఇన్ వైండింగ్. లావు తీగ, తక్కువ రెసిస్టెన్సు. దీని ఒక కొస తాళం నుంచి ట్రిగ్గర్ వైరు వచ్చి కలిసే 50 నంబర్ టెర్మినల్‌కి, రెండో కొస మోటారు టెర్మినల్‌కి ఉంటుంది. అక్కడి నుంచి బ్రష్‌లు, ఆర్మేచర్ గుండా ఎర్త్ దొరుకుతుంది. రెండోది పట్టి ఉంచేది, హోల్డ్ వైండింగ్. సన్నటి తీగ, నేరుగా బాడీకి ఎర్త్. తాళం తిప్పిన క్షణంలో రెండూ కలిసి ప్లంజర్‌ని లాగుతాయి. అప్పుడు ట్రిగ్గర్ వైరులో 30, 40 ఆంపియర్లు పారతాయి. ప్లంజర్ చివరి దాకా వెళ్లి పెద్ద కాంటాక్టులు మూసుకోగానే పుల్-ఇన్ వైండింగ్ రెండు కొసలకీ బ్యాటరీ వోల్టేజీ వచ్చేసి దాని పని అయిపోతుంది. ఆ తర్వాత ట్రిగ్గర్ వైరులో మిగిలేది కొద్ది ఆంపియర్లే. ఈ బండిలో స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేదు. ఆ 30, 40 ఆంపియర్లూ తాళం దగ్గరి ఇగ్నిషన్ స్విచ్‌లోంచే వెళ్లాలి.

చల్లగా ఉన్నప్పటి కొలతలు

ముందు మామూలు పరీక్షలు. బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు. క్రాంక్ చేస్తుంటే, అంటే స్టార్టర్ ఇంజన్‌ని తిప్పుతుంటే, 10.4. మెయిన్ కేబుల్‌లో పోయేది 0.25 వోల్టు, ఎర్త్ వైపు 0.12. మోటారు లాగే కరెంటు సుమారు 130 ఆంపియర్లు. ఈ సైజు పెట్రోల్ ఇంజన్‌కి ఇవన్నీ చక్కటి అంకెలు. వీటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఒక్కటి మాత్రం కంట్లో నలుసులా తగిలింది. క్రాంక్ చేస్తుండగా బ్యాటరీ ప్లస్ నుంచి 50 నంబర్ టెర్మినల్ దాకా 0.9 వోల్టు పోతోంది. చాలామంది దీన్ని చూసి ‘ఒక వోల్టు లోపే కదా’ అని వదిలేస్తారు. ఆ వైరుకే డీసీ క్లాంప్ మీటరు (వైరు విప్పకుండానే కరెంటు కొలిచేది) పెట్టి చూశాను. ఆ క్షణాన పారుతున్నది 6 ఆంపియర్లు. అంటే ఆ దారి రెసిస్టెన్సు 0.15 ఓం. పోతున్నది ఎంత అన్నదాని కంటే, ఎంత కరెంటు దగ్గర పోతోంది అన్నదే ఇక్కడ ముఖ్యం. క్రాంక్ చేస్తుండగా మనం కొలిచేది హోల్డ్ కరెంటు దగ్గరి నష్టాన్ని. ప్లంజర్‌ని లాగే క్షణంలో అదే వైరులో దానికి నాలుగైదు రెట్లు పారాలి, నష్టమూ అన్ని రెట్లు ఉంటుంది. కానీ ఆ క్షణం సెకనులో చాలా చిన్న ముక్క. మామూలు మల్టీమీటరు అంకె మార్చేలోపే అయిపోతుంది.

డిక్కీలోని పాత స్టార్టర్ సోలెనాయిడ్‌ని బెంచి మీద కొలిచాను. ఇంత చిన్న రెసిస్టెన్సు మల్టీమీటరు ఓమ్స్ స్థానంలో పెట్టి చూస్తే నమ్మలేం, మీటరు వైర్ల రెసిస్టెన్సే అంకెను పాడుచేస్తుంది. అందుకే మోటారు టెర్మినల్‌ని బాడీకి ఎర్త్ చేసి, 50 కి 2 వోల్టులు ఇచ్చి కరెంటు చూశాను. సుమారు 7 ఆంపియర్లు. అంటే రెండు చుట్లూ కలిపి 0.28 ఓం చిల్లర. దీనికి 0.15 ఓం వైరింగు తోడైతే, లాగే క్షణంలో పారేది సుమారు 29 ఆంపియర్లు, టెర్మినల్ దగ్గర మిగిలేది 8 వోల్టుల పైచిలుకు. వైరింగు బాగుండి 0.03 ఓం ఉంటే 40 ఆంపియర్ల దాకా వచ్చేది. చల్లగా ఉన్నప్పుడు ఆ 29 తోనే ప్లంజర్ ఎలాగోలా లోపలికి పోతోంది. అందుకే ఉదయం పూట ఈ బండిలో ఏ లోపమూ కనపడదు.

వేడి చేయడం ఎలా

వేడి ఫాల్ట్ పరీక్షలో చాలామంది చేసే పని ఒకటుంది. బండిని ఒక రౌండు తిప్పి తెచ్చి, ఇంజన్ ఆపి, వెంటనే తాళం తిప్పుతారు. స్టార్ట్ అవుతుంది. ‘ఫాల్ట్ రావట్లేదు’ అని తాళాలు చేతిలో పెడతారు. నడుస్తున్నంతసేపూ స్టార్టర్‌కి గాలి తగులుతూనే ఉంటుంది, కాబట్టి ఆపిన క్షణంలో అది మరీ వేడిగా ఉండదు. ఆపాక గాలి ఆగిపోతుంది, వందల డిగ్రీల్లో ఉన్న మానిఫోల్డ్ వేడంతా నెమ్మదిగా కిందికి చేరుతుంది. స్టార్టర్ బాగా వేడెక్కేది ఆపిన పదిహేను, ఇరవై నిమిషాలకు. ఓనరు చెప్పిన సమయం సరిగ్గా అదే. ఆయన మాటల్లో అన్నిటికంటే విలువైన ముక్క అది.

కాబట్టి బండిని బాగా నడిపి తెచ్చి, బోనెట్ తెరవకుండా వదిలేశాను. బయలుదేరే ముందే మీటరు వైర్లు 50 టెర్మినల్‌కి, బ్యాటరీకి బిగించి బయటికి తెచ్చి పెట్టుకున్నాను. బోనెట్ తెరిచి వైర్లు వెతుక్కునేలోపు వేడి దిగిపోతే మళ్లీ మొదటికి రావాలి. సోలెనాయిడ్ బాడీకి కట్టిన థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) 104 డిగ్రీల సెల్సియస్ చూపించినప్పుడు తాళం తిప్పాను. ‘టిక్’.

ఇలా ఫెయిలైనప్పుడు మనకి ఒక సౌకర్యం ఉంది. ప్లంజర్ చివరి దాకా పోదు కాబట్టి పుల్-ఇన్ కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది. ఉదయం మీటరుకి చిక్కని క్షణం ఇప్పుడు మన కోసం ఆగి నిలబడుతుంది. అయితే తాళం రెండు మూడు సెకన్లకి మించి పట్టుకోకూడదు. ఆ చుట్టు క్షణకాలం పనికే చేసింది, పట్టి ఉంచితే కాలిపోతుంది.

బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు. 50 దగ్గర 8.6. ట్రిగ్గర్ వైరులో 24 ఆంపియర్లు. మధ్యలో మాయమైంది 3.7 వోల్టులు.

ఈ 8.6 మనల్ని తికమక పెడుతుంది. చల్లగా ఉన్నప్పుడు 8 చిల్లరతో పనిచేసిన సోలెనాయిడ్, వేడి మీద అంతకంటే ఎక్కువ వోల్టేజీ వచ్చినా ఎందుకు కదల్లేదు? ప్లంజర్‌ని లాగేది కరెంటు. రాగి రెసిస్టెన్సు ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 నుంచి 105 డిగ్రీలకు వెళ్తే దాదాపు 31 శాతం. చుట్టు రెసిస్టెన్సు పెరిగితే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే వైరింగులో నష్టం కూడా తగ్గి, టెర్మినల్ దగ్గర వోల్టేజీ కాస్త మెరుగ్గా కనపడుతుంది. కేవలం వోల్టేజీ చూసుకునే మనిషి ఇక్కడ ‘ట్రిగ్గర్ బాగానే ఉంది, సోలెనాయిడే పోయింది’ అని తీర్మానించే ప్రమాదం ఉంది. మొదటి గ్యారేజీలో అదే జరిగిందో, అసలు కొలవనే లేదో చెప్పలేను.

ఇది తేల్చడానికి పాత సోలెనాయిడ్‌నే మళ్లీ వాడాను. చల్లగా ఉన్నప్పుడు వోల్టేజీని మెల్లగా పెంచుతూ పోతే 6.9 దగ్గర ప్లంజర్ లోపలికి దూకింది. హాట్ ఎయిర్ గన్‌తో వంద డిగ్రీలు దాటించి మళ్లీ చూస్తే 9 వోల్టుల దగ్గర గాని కదల్లేదు. రెండుసార్లూ కరెంటు మాత్రం దాదాపు ఒకటే, 24 ఆంపియర్ల దగ్గరదగ్గర. పాత స్టార్టర్‌లో ఏ దోషమూ లేదు. వేడి మీద దానికి 9 కావాలి, బండి ఇస్తున్నది 8.6. కొత్తగా వేసినది కూడా అదే మోడల్ కాబట్టి అదే దారిలో నడిచింది. వైరింగు సరిగ్గా ఉంటే వంద డిగ్రీల వేడిలో కూడా 31, 32 ఆంపియర్లు వచ్చేవి. అంటే ఆరోగ్యంగా ఉన్న బండికి మంట మీద దొరికే కరెంటు, ఈ బండికి చల్లగా ఉన్నప్పుడు కూడా దొరకట్లేదు.

జంపర్ పరీక్ష

కొలతలు ఎంత చెప్పినా, ఫాల్ట్ ఉన్న స్థితిలోనే దాన్ని తీసి చూపించందే నాకు తృప్తి ఉండదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డం పెట్టి, లావు వైర్లున్న పుష్ బటన్‌ని స్టార్టర్‌లో బ్యాటరీ మెయిన్ కేబుల్ వచ్చే 30 టెర్మినల్‌కి, 50 కి మధ్య కలిపాను. ఇగ్నిషన్ స్విచ్, దాని వైరింగు మొత్తం పక్కకి తప్పుకున్నట్టే. తాళంతో ‘టిక్’ మన్న మరు నిమిషంలోనే, అదే వేడిలో, బటన్ నొక్కగానే మోటారు గట్టిగా తిరిగింది. స్క్రూడ్రైవరు పెట్టి రెండు టెర్మినల్స్ కలిపే అలవాటు కొందరికి ఉంది. పెట్రోల్ లైన్ల పక్కన నిప్పురవ్వలు ఎగరేసుకోవడం అది, దయచేసి వద్దు.

జంపర్ ఇచ్చినా తిరగకపోతే అప్పుడు మోటారు విప్పడమే. అలాంటి బండి ఒకటి అంతకుముందు చేశాను. అందులో కార్బన్ బ్రష్‌లు అరిగి, హోల్డర్‌లో ఇరుక్కుని, వేడి మీద కమ్యుటేటర్‌కి ఆనడం మానేశాయి. పుల్-ఇన్ చుట్టుకి ఎర్త్ దొరికేది బ్రష్‌ల గుండానే కాబట్టి అక్కడా శబ్దం నీరసంగానే వచ్చింది, చూడ్డానికి రెండు బండ్లూ ఒకటే. మోటారు బాడీ మీద చిన్నగా తడితే తిరగడం, జంపర్‌కి లొంగకపోవడం, ఈ రెండే తేడా చెప్పాయి.

3.7 వోల్టులు ఎక్కడ పోయాయి

ఫాల్ట్ నిలిచి ఉండగానే దారిని ముక్కలు చేసి కొలిచాను. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ స్విచ్ ఇన్‌పుట్ దాకా 0.6. స్విచ్ కాంటాక్టుల మీద 1.5. అక్కడి నుంచి ఫైర్‌వాల్ దగ్గరి కప్లర్ దాటేసరికి 1.1. 50 టెర్మినల్‌కి తొడిగిన స్పేడ్ లగ్గు దగ్గర 0.5. ఏ ఒక్కటీ మొత్తం నేరం తన మీద వేసుకోవట్లేదు. స్విచ్ ఒక్కటే మార్చి ఉంటే ఫాల్ట్ పోయేది, కొన్నాళ్లకి మళ్లీ వచ్చేది. కప్లర్ విప్పితే ఆ పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కాస్త కరిగి ఉంది. లగ్గు వేలితో కదిపితే ఆడుతోంది. స్టార్టర్ మార్చినప్పుడు దాన్ని పీకి, నొక్కకుండానే తొడిగినట్టున్నారు.

ఇంకోటి కూడా దొరికింది. మానిఫోల్డ్‌కి, స్టార్టర్‌కి మధ్య ఉండాల్సిన రేకు, హీట్ షీల్డ్, అక్కడ లేదు. బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఎప్పుడు ఎవరు తీశారో తెలిసే దారి లేదు. స్టార్టర్ తీయడానికి అది అడ్డం వస్తుంది, తిరిగి పెట్టడానికి చెయ్యి పట్టదు, అందుకే ఇలాంటి పాత బండ్లలో ఇది మాయమవుతూ ఉంటుంది.

దారిలో ఎవరో చెప్పారని ఓనరు ఒకట్రెండుసార్లు స్టార్టర్ మీద నీళ్లు పోశారట, పనిచేసిందట. పనిచేస్తుంది, చుట్టు చల్లబడుతుంది కదా. కానీ ఆ నీళ్లు ఎర్రగా కాలిన పోత ఇనుప మానిఫోల్డ్ మీద పడితే అది పగిలే అవకాశం ఉంది. ఆగి చల్లబడనివ్వడమో, తోయడమో నయం.

రిపేరు

ఇలాంటి బండికి అందరూ చెప్పే వైద్యం రిలే పెట్టడం. నేనూ పెట్టాను. 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30 నంబర్ పిన్నుకి, 87 నంబర్ పిన్ను నుంచి అదే సైజు వైరు స్టార్టర్ 50 కి. పాత ట్రిగ్గర్ వైరు 86 కి, 85 ఎర్త్‌కి. ఇప్పుడు ఇగ్నిషన్ స్విచ్ మోయాల్సింది రిలే కాయిల్ కరెంటే, ఆంపియరులో చిన్న భాగం. రిలేని ఎగ్జాస్ట్‌కి దూరంగా, బ్యాటరీ పక్కన బిగించాను. దాన్ని మళ్లీ వేడి మూలలోనే బిగిస్తే కొత్త ఫాల్ట్‌కి చోటిచ్చినట్టే.

అయితే రిలే ఒక్కటే పెట్టి పంపడం నాకు నచ్చదు. ఎందుకంటే కరిగిన కప్లర్‌లో, అరిగిన స్విచ్‌లో ఈ ఒక్క వైరే లేదు, ఇగ్నిషన్ సప్లయి కూడా అక్కడి నుంచే పోతుంది. రిలే పెడితే సెల్ఫ్ బాగవుతుంది, కొన్నాళ్లకి నడుస్తున్న బండి దారిలో ఆగిపోతుంది. అందుకని స్విచ్ ఎలక్ట్రికల్ భాగం మార్చి, కప్లర్‌లో పిన్నులు కొత్తవి క్రింప్ చేశాను. 50 కి కొత్త లగ్గు, మానిఫోల్డ్ దగ్గరగా పోయే వైరుకి గ్లాస్ ఫైబర్ స్లీవు. షీల్డు అదే మోడల్‌ది పాతది దొరికింది, బోల్టులన్నీ వేసి బిగించాను. ఉన్న రీబిల్ట్ స్టార్టర్‌ని కదపలేదు.

మళ్లీ అదే పద్ధతి: బాగా నడపడం, బోనెట్ మూసి ఆపడం, ఆగడం. షీల్డు ఉన్నాక సోలెనాయిడ్ 88 డిగ్రీల దగ్గర ఆగింది. ఈసారి లాగే క్షణాన్ని పట్టుకోవడానికి ఆసిలోస్కోప్ పెట్టాను. ఆ క్షణంలో 50 దగ్గర అత్యల్పంగా 11.3 వోల్టులు. క్రాంక్ అవుతుండగా బ్యాటరీ 10.3, 50 దగ్గర 10.1. షీల్డు విప్పేసి, వేడి నూరు దాటనిచ్చి కూడా చూశాను. అప్పుడూ గట్టి ‘టక్’ తోనే తీసుకుంది. మళ్లీ షీల్డు బిగించి బండి ఇచ్చేశాను.

పాత స్టార్టర్‌ని స్పేర్‌గా దాచుకోమని ఓనరుకి చెప్పాను. ఇకమీదట వేడి మీద సెల్ఫ్ తీసుకుంటూనే బరువుగా, మెల్లగా తిరగడం మొదలైతే అది ఈ ఫాల్ట్ కాదు, రీబిల్ట్ మోటారులో బుష్‌లు అయి ఉండొచ్చు. అప్పుడు ముందుగా క్లాంప్ మీటరు పెట్టించి, వేడి మీద లాగే కరెంటుని పైన రాసిన 130 తో పోల్చుకోమని ఆయన సర్వీసు పుస్తకంలోనే అంకెలన్నీ రాసిచ్చాను.